ద ఐ ఆఫ్ ద వరల్డ్: రెండొందల పేజీలైంది, ఇంకా ప్రయాణంలోనే ఉన్నారు. కొనసాగించాలా?

అట్టచివరిపేజీ
ఇక్కడ అందరూ తెగ పొగుడుతుంటే 'ద వీల్ ఆఫ్ టైమ్' అనే ఫాంటసీ సిరీస్‌లో మొదటి పుస్తకం పట్టుకున్నాను. రెండొందల పేజీలు దాటింది. ఇప్పటిదాకా కథ ఇదీ: ఒక మారుమూల పల్లె, ఒక పండగ, ముగ్గురు కుర్రాళ్లు (రాండ్, మ్యాట్, పెరిన్). నల్ల ముసుగు గుర్రపువాడొకడు దూరం నుంచి చూస్తుంటాడు, గాలి వీస్తున్నా వాడి అంగీ కదలదు (ఇది బాగుంది). రాత్రి ట్రాలక్కులు (సగం మనిషి, సగం మృగంలా ఉండే రాక్షసులు) ఊరి మీద పడతాయి. మొరైన్ అనే ఆవిడ వచ్చి "అవి మీ ముగ్గురి కోసమే వచ్చాయి, ఊళ్లో ఉంటే అందరూ చస్తారు, నాతో రండి" అంటుంది. బయల్దేరతారు. ప్రస్తుతం బేర్లన్ అనే ఊళ్లో, సత్రంలో, తీరిగ్గా స్నానాలు చేస్తున్నారు.

ఇదంతా టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో చదివేసిందే కదా? పల్లెటూరు ఉంది, నల్ల రౌతు ఉన్నాడు, మంత్రాలు తెలిసిన పెద్దమనిషి ఉంది, ఆవిడ వెంట కత్తి పట్టిన యోధుడు లాన్ ఉన్నాడు. ఇంకా ఆరొందల పేజీలు మిగిలాయి. ఆ తర్వాత 13 పుస్తకాలు. నిజం చెప్పండి, ఆపేయనా?

గోదారిగట్టు
ఆపొద్దు. షాడార్ లోగోత్ అనే పాడుబడ్డ నగరం దాకా రండి. దగ్గరలోనే ఉంది.

మాంత్రికుడి_మేనల్లుడు
"ఇంకో వంద పేజీలు చదివితే బాగుంటుంది" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లుమంట. ఏడో పుస్తకం దగ్గర కూడా ఇదే మాట అంటారు, చూస్తుండండి.

డల్లాస్_బాబాయ్
మేనల్లుడూ, నువ్వు ఎన్ని చదివావు?

మాంత్రికుడి_మేనల్లుడు
మొదటిది పూర్తిగా. రెండోది సగం. అంతకంటే అర్హత కావాలా బాబాయ్?

నల్లకుంట_నవలలు
టోల్కీన్ పోలిక యాదృచ్ఛికం కాదు. మొదటి వంద పేజీలు పాఠకుడికి తెలిసిన చోటులా అనిపించాలనే అలా రాశానని రాబర్ట్ జోర్డాన్ స్వయంగా చెప్పుకున్నాడు. పుస్తకం వచ్చింది 1990 జనవరిలో. అప్పటికి అమెరికాలో ఎపిక్ ఫాంటసీ అంటే పల్లెటూరి కుర్రాడు, ముసలి మాంత్రికుడు, చీకటి ప్రభువు, అంతే. పబ్లిషర్‌కి అలాంటిదొకటి అమ్మి, లోపల వేరేది పెట్టాడు.

మాంత్రికుడి_మేనల్లుడు
కావాలని కాపీ కొడితే కాపీ కాకుండా పోతుందా? మరి అలాగైతే నా ఇంజనీరింగ్ రికార్డులన్నీ నివాళులే.

వాన_కాఫీ
😂😂

వాన_కాఫీ
నవ్వడం అయిపోయింది, ఇక నా మాట. ఈ పుస్తకంలో నాకు నచ్చింది ఆ ప్రయాణం కాదు, ఊరు. ఎమండ్స్ ఫీల్డ్‌లో మగవాళ్ల గ్రామసభ ఒకటి, ఆడవాళ్ల మండలి ఒకటి. ఊళ్లో ఏ నిర్ణయమైనా ఈ రెంటి మధ్య గుంజుకుంటూ ఉండాల్సిందే. నైనీవ్ ఊరి వైద్యురాలు, పాతికేళ్లు, తనకంటే రెట్టింపు వయసు మగవాళ్లని నిలబెట్టి కడిగేస్తుంది. మొరైన్ పిల్లల్ని తీసుకుపోయిందని తెలిసి ఒక్కతే వాళ్ల జాడ పట్టుకుని బేర్లన్ దాకా వస్తుంది. లాన్‌లాంటి వాడికే తెలియకుండా! అట్టచివరిపేజీ గారు ఆ చోటికి ఇంకో పది పేజీల దూరంలో ఉన్నారనుకుంటా. అలాంటి మనిషి టోల్కీన్‌లో ఎక్కడుంది, చూపించండి.

సిద్దిపేట_చదువరి
నైనీవ్ నాకూ ఇష్టమే అక్కా, కానీ ఆ జడ లాక్కోవడం! కోపమొస్తే జడ, ఆలోచనొస్తే జడ. పద్నాలుగు పుస్తకాల్లో ఆమెకి వెంట్రుకలు మిగలడమే అసలు మ్యాజిక్.

వాన_కాఫీ
అది తర్వాతి పుస్తకాల్లో ముదురుతుంది, మొదటిదాంట్లో భరించొచ్చు. నన్ను విసిగించేది ఇంకోటి. ప్రతి మగాడూ "ఈ ఆడవాళ్లు అర్థం కారు" అంటాడు, ప్రతి ఆడదీ "మగాళ్లు మొద్దులు" అంటుంది. అమ్మాయిలతో ఎలా మాట్లాడాలో పెరిన్‌కి బాగా తెలుసని రాండ్ అనుకుంటాడు, రాండ్‌కి తెలుసని పెరిన్ అనుకుంటాడు. మొదటిసారి నవ్వొచ్చింది.

పోస్ట్‌డాక్_పద్దు
టోల్కీన్ గోల పక్కన పెట్టి ప్రోలాగ్ గురించి ఎవరూ ఎందుకు మాట్లాడట్లేదు? శిథిలమైన భవనంలో ఒక మనిషి భార్యని పిలుచుకుంటూ తిరుగుతుంటాడు. ఆమె శవం అక్కడే ఉంది, పిల్లల శవాలూ ఉన్నాయి, కానీ అతనికి కనబడవు. చంపింది తనే. పిచ్చిలో చంపాడు, చంపిన సంగతి తెలియదు. శత్రువు వచ్చి ఒక్క పని చేస్తాడు: ఆ పిచ్చి తగ్గిస్తాడు. అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది? కొన్ని పేజీలే. ఆ తర్వాత ఊళ్లో పండగ, సారాయి పీపాలు, గొర్రెల ధరలు చదువుతుంటే కూడా అది వెనకాల మెదులుతూనే ఉంటుంది. ఈ లోకంలో మహాశక్తి మగవాడి చేతికి వస్తే జరిగేది ఇదీ అని మొదటే చూపించేశాడు.

అందుకే "ముగ్గురు కుర్రాళ్లలో ఆ శక్తికి ఎంపికైనవాడు ఎవరు?" అన్నది మామూలు ప్రశ్న కాదు. మామూలు కథలో ఎంపికైనవాడు అదృష్టవంతుడు. ఇక్కడ ఎంపికైనవాడు ప్రోలాగ్‌లో ఉన్న ఆ మనిషిలా అయిపోవచ్చు.

అట్టచివరిపేజీ
ప్రోలాగ్ చదివాను కానీ పేర్లన్నీ గందరగోళంగా ఉండి దాటేశాను. మళ్లీ చూస్తా.

హెలికాప్టర్_మామ
ముగ్గురిలో ఎవరని సస్పెన్స్ ఏముంది గానీ, మొదటి అధ్యాయం నుంచి [నిర్వాహకుడు తొలగించారు] అని తెలుస్తూనే ఉంది కదా.

నిర్వాహకుడు
అడిగిన మనిషి ఇంకా బేర్లన్‌లోనే ఉన్నారు. చివరి విషయాలు రాసేవాళ్లు పైన "స్పాయిలర్" అని పెట్టి, రెండు లైన్లు ఖాళీ వదలండి. ఇది రెండోసారి, మామా.

హెలికాప్టర్_మామ
ముప్పై ఏళ్లు దాటిన పుస్తకానికి స్పాయిలరేంటండీ. రాముడు సీతకేమవుతాడో కూడా చెప్పకూడదా.

డల్లాస్_బాబాయ్
కాస్త పొడుగ్గా రాస్తా, ఓపికుంటే చదవండి.

నేను ఈ సిరీస్ పట్టుకునేసరికి అది ఇంకా నడుస్తోంది. ఒక్కో పుస్తకం కోసం ఏళ్లు ఎదురుచూశాం. 2007 సెప్టెంబర్‌లో జోర్డాన్ పోయాడు, కథ మిగిలిపోయింది. ఎడిటర్ ఎవరో కాదు, ఆయన భార్య హారియెట్ మెక్‌డూగల్. ఆయన పోయినప్పుడు బ్రాండన్ సాండర్సన్ అనే కుర్ర రచయిత తన బ్లాగులో రాసిన నివాళి చదివి, మిగతాది రాయమని ఆవిడే అడిగింది. ఒక్క పుస్తకం అనుకున్నది మూడైంది, 2013లో ముగిసింది.

ఇదంతా ఎందుకంటే, జోర్డాన్ వియత్నాంలో పనిచేసినవాడు. హెలికాప్టర్ తలుపు దగ్గర తుపాకీ పట్టుకుని కూర్చున్న సైనికుడు. (పైన ఒక మామ పేరు చూసి గుర్తొచ్చింది.) తర్వాత ఫిజిక్స్ చదివి నేవీ దగ్గర న్యూక్లియర్ ఇంజనీరుగా చేశాడు. ఆ సంగతి తెలిశాక 'వెస్ట్‌వుడ్' అధ్యాయం మళ్లీ చదివాను. ట్రాలక్కులు ఇంటి మీద పడ్డాక, గాయపడిన తండ్రి టామ్‌ని రెండు కర్రల మధ్య దుప్పటి కట్టి, చీకట్లో అడవిలోంచి ఊరిదాకా రాండ్ ఒక్కడే ఈడ్చుకొస్తాడు. వీరత్వం గీరత్వం ఏమీ లేదు. చప్పుడైతే ఆగడం, భుజాలు కోసుకుపోవడం, జ్వరంలో తండ్రి పలవరించే మాటలు వినలేక వినడం. ఆ పలవరింతలో కొడుకు వినకూడని సంగతి ఒకటి బయటపడుతుంది. దాన్ని నమ్మాలా, జ్వరం మాటలని వదిలేయాలా? వాడు పుస్తకమంతా ఆ బరువు మోస్తూనే ఉంటాడు, ఎవరికీ చెప్పడు. అట్టచివరిపేజీ, నువ్వు ఈ అధ్యాయం దాటి వచ్చావు. నీ లిస్టులో ఇది లేదు. ట్రాలక్కులు పడ్డాయి, బయల్దేరారు, అని రెండు ముక్కల్లో తేల్చేశావు.

అట్టచివరిపేజీ
లిస్టులో పెట్టలేదు గానీ అది బాగుంది బాబాయ్, ఒప్పుకుంటా. అదే నా బాధ కూడా. అంత మంచి అధ్యాయం తర్వాత మళ్లీ గుర్రాలు, దుమ్ము, సత్రం, పులుసు.

సిద్దిపేట_చదువరి
పులుసు మీద ఎవరూ ఏమీ అనొద్దు. నేను రాత్రి పదకొండుకి చదువుతూ లేచి ఉప్మా చేసుకున్నా.

నల్లకుంట_నవలలు
ఇంకో సంగతి. చెప్పినా కథ పాడవదు, అట్టచివరిపేజీ గారు దాటి వచ్చిన పేజీల్లోదే. నాలుగో అధ్యాయం. థామ్ మెరిలిన్ అనే కథకుడు ఊరికొచ్చి తన దగ్గరున్న కథల జాబితా చెబుతాడు. ప్రపంచం చుట్టూ చేరగల నిప్పు బల్లెం ఉన్న మాస్క్ అనే రాక్షసుడి కథ ఉందంటాడు. మాస్క్ అంటే మాస్కో. నిప్పు బల్లెం అంటే క్షిపణి! నిప్పు గద్ద కడుపులో కూర్చుని చంద్రుడి దగ్గరికి ఎగిరిన లెన్ గురించి చెప్పమని ఊరి అమ్మాయి ఎగ్వీన్ అడుగుతుంది. వ్యోమగామి జాన్ గ్లెన్ పేరూ, చంద్రయానమూ కలిసిపోయి అలా మిగిలాయన్నమాట. లెన్ కూతురు సాల్యా నక్షత్రాల మధ్య నడిచిందట. శాలీ రైడ్ 1983లో అంతరిక్షంలోకి వెళ్లింది. వీటి మధ్యలో ఇంకోటుంది: 'అద్భుత ఇండ్‌కు తల్లి' మాటెరీస్ అనే వైద్యురాలు.

వాన_కాఫీ
ఒక్క నిమిషం. మాటెరీస్... మదర్ థెరిసా??

నల్లకుంట_నవలలు
అవును. పుస్తకం వచ్చేనాటికి ఆవిడ కోల్‌కతాలో బతికే ఉన్నారు. 1997లో కదా పోయారు. ఇంకా పేపర్లో కనబడుతున్న మనిషిని తీసుకెళ్లి వేల ఏళ్ల తర్వాతి పల్లెటూళ్లో పురాణకథ చేసేశాడు. అంటే వాళ్ల పాత కథల్లో ఉన్నది మన కాలం. చక్రం తిరిగింది, మనం మరుపుకొచ్చేశాం.

పోస్ట్‌డాక్_పద్దు
వామ్మో. రెండుసార్లు చదివాను, ఆ పేరా మీద కన్ను ఆగనే లేదు.

గోదారిగట్టు
అటు వైపు కూడా ఉంది చూడండి. కేమ్లిన్ నగరం, రాణి మోర్గేస్, ఎలేన్, గావిన్, గలాడ్. ఇవన్నీ ఆర్థర్ రాజు కథల పేర్ల నీడలు. ఎగ్వీన్ అల్‌వీర్ అన్నది గబగబా పలికితే గ్వినివీర్. థామ్ మెరిలిన్‌లో మెర్లిన్ ఉన్నాడు. మనకు పురాణమైనది వాళ్ల వర్తమానం, వాళ్లకు పురాణమైనది మన వర్తమానం.

హెలికాప్టర్_మామ
ఇదంతా మన కాలచక్రమే కదండీ. యుగాలు, పునర్జన్మ. మన దగ్గరనుంచి ఎత్తుకుని డబ్బు చేసుకున్నాడు.

పోస్ట్‌డాక్_పద్దు
కాలం చక్రంలా తిరుగుతుందన్నది మన ఆలోచనకు దగ్గరే, కాదనను. కానీ మన యుగాలు నాలుగు, ధర్మం ఒక్కో కాలు పోగొట్టుకుంటూ కిందికి దిగుతుంది. అతని చక్రానికి ఏడు ఆకులు, ఏడు యుగాలు, ఆ దిగజారే లెక్క లేదు. చీకటి దేవుడి పేరు షైతాన్, అది ఆ వైపు మతాలది. మగశక్తి, ఆడశక్తి కలిసిన గుర్తు చైనా వాళ్ల యిన్-యాంగ్‌లో చుక్కలు తీసేస్తే వచ్చేది. ఊరూరా తిరిగే బండ్ల జనం తువాథాన్‌ల పేరు ఐరిష్ పురాణాలది. అందరి దగ్గరా తీసుకున్నాడు. అన్ని పురాణాలూ ఒకే చక్రంలోంచి రాలిన ముక్కలన్నది అతని కథకి పునాది కాబట్టి, తీసుకోకపోతేనే తప్పు.

హెలికాప్టర్_మామ
మరి పంచభూతాలు? భూమి, గాలి, నిప్పు, నీరు, ఐదోది ఆత్మ. ఇదీ చైనానా?

పోస్ట్‌డాక్_పద్దు
గ్రీకులకూ నాలుగున్నాయి, అరిస్టాటిల్ ఐదోది చేర్చాడు. మన ఐదోది ఆకాశం, ఆత్మ కాదు. ఇక్కడితో వదిలేద్దాం, వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడికొచ్చి కొట్టుకుంటా.

మాంత్రికుడి_మేనల్లుడు
నల్లకుంట గారూ, మాస్కో ముచ్చట బాగుంది, నిజంగా. కానీ నా అభ్యంతరం అక్కడే ఉంది. ఈ సంగతి మీరు చెబితే తెలిసింది. పాఠకుడు ఒంటరిగా చదువుకుంటున్నప్పుడు పుస్తకం తన బలం తనే చూపించాలి. పెళ్లికి పిలిచి, భోజనం మూడోరోజు రాత్రి, అప్పటిదాకా పందిట్లో మామిడాకులు చూస్తూ కూర్చో అంటే ఎలా?

డల్లాస్_బాబాయ్
ఆకలి మీద వచ్చావు, అదీ నీ సమస్య.

గోదారిగట్టు
మేనల్లుడి మాటలో సగం నిజం. మొదటి మూడో వంతు దాదాపు అంతా రాండ్ కళ్లతోనే చూస్తాం. వాడికి లోకం తెలియదు, మనకీ తెలియదు. షాడార్ లోగోత్‌లో గుంపు చెదిరిపోయాక కథ మూడు దారులవుతుంది. అప్పుడు పెరిన్, నైనీవ్ లోపలికి వెళ్తాం, మొరైన్ మీద అనుమానం ఒక్కో మనిషిలో ఒక్కో రకంగా కనిపిస్తుంది. నా వరకు పుస్తకం అక్కడ మొదలవుతుంది. కాస్త ముందే విడగొట్టి ఉండాల్సింది.

సిద్దిపేట_చదువరి
నాకు పెరిన్ భాగమే ప్రాణం. తోడేళ్లతో మాట్లాడే ఎలయాస్ కలవడం, తనకీ అది వస్తోందని తెలిసి పెరిన్ భయపడటం. శక్తి వచ్చిందని ఎగిరి గంతేయడు, పోతే బాగుండనుకుంటాడు. కాకుల గుంపు వెంటపడినప్పుడు, ఎగ్వీన్‌ని వాటి చేతికి చిక్కనివ్వకూడదని గొడ్డలి చూసుకుంటూ వాడు లోపల అనుకునే మాట ఉంది చూడండి, చెప్పను, చదవండి.

వాన_కాఫీ
అబ్బ, అవును. ఆ గొడ్డలి.

సిద్దిపేట_చదువరి
రాండ్, మ్యాట్ కేమ్లిన్‌కి నడిచే భాగం మాత్రం నాకు తల తిరిగింది. బండి ఎక్కారు, దిగారు, మళ్లీ అంతకుముందు రోజుకి వెళ్లింది, మళ్లీ బండి. నా కాపీలో పేజీలు తారుమారయ్యాయేమో అని నంబర్లు చూసుకున్నా.

నల్లకుంట_నవలలు
పేజీలు సరిగ్గానే ఉంటాయి. 31 నుంచి 33వ అధ్యాయం దాకా వరస ముందుకీ వెనక్కీ పోతుంది. 33లో బండి మీద మొదలుపెట్టి, అక్కడికి ఎలా చేరారో వెనక్కెళ్లి చెబుతాడు. అలసట, జ్వరం, ఎవర్నీ నమ్మలేని స్థితి. ఏ రోజు ఎక్కడ పడుకున్నారో వాళ్లకే గుర్తులేదు. ఆ భావం కోసం చేశాడేమో గానీ, సరిగ్గా అతకలేదు. కానీ వేణువు వాయించి, బంతులు ఎగరేసి, సత్రాల్లో ఒక పూట భోజనం సంపాదించుకోవడం నాకు చాలా నచ్చింది. లోకాన్ని కాపాడాల్సినవాడు ముందు రాత్రి భోజనానికి పాట పాడాలి.

పోస్ట్‌డాక్_పద్దు
స్పాయిలర్. చివరి అధ్యాయాల గురించి. అట్టచివరిపేజీ, ఈ పోస్టు వదిలేసి కిందికి పోండి.


53 అధ్యాయాల పుస్తకంలో అసలు 'ప్రపంచ నేత్రం' దగ్గరికి చేరేది 50లో. అంటే ఎనిమిది వందల పేజీలకు దగ్గర్లో ఉన్న పుస్తకంలో గమ్యం మీద ఖర్చుపెట్టింది గుప్పెడు పేజీలు. ఆకుపచ్చ మనిషి వస్తాడు, ప్రేమ పుట్టేలోపే పోతాడు. పాతకాలపు దుర్మార్గులు ఇద్దరు హఠాత్తుగా ఊడిపడతారు. రాండ్ ఉన్నట్టుండి టార్విన్స్ గ్యాప్ యుద్ధం మీద తేలుతాడు, ట్రాలక్ సైన్యం కాలిపోతుంది, తర్వాత మెట్లెక్కి కలల్లో వెంటాడిన శత్రువు బాల్జమాన్ ముందుకు వెళ్తాడు. నేను మూడుసార్లు చదివితే గానీ ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలియలేదు. సిరీస్ ఆగిపోతే ఇదే ముగింపు అన్నట్టు హడావిడిగా కట్టాడనిపించింది.

అయినా నాకు మిగిలింది ఆ యుద్ధం కాదు, తర్వాత రాండ్ భయం. తను చేసిందేమిటో వాడికి అర్థమవుతుంది. ఇంటికి పోలేడు, స్నేహితుల పక్కన ఉండలేడు. గెలిచినవాడు ఇంత దిగులుగా ఉన్న మొదటి పుస్తకం నేను ఇంకోటి చదవలేదు.

మాంత్రికుడి_మేనల్లుడు
ఈ పోస్టుకి నా రెండు చేతులూ ఎత్తి ఓటు. దిగులు సంగతికి కూడా. రెండోది సగం దాకా చదివింది అందుకే.

చందమామ_పాతసంచిక
ఆలస్యంగా వచ్చాను. నడక మీద ఇంత గొడవెందుకో! దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్‌లో వాళ్లు అడవుల్లో, గుహల్లో నడుస్తూనే ఉండేవాళ్లు. ప్రతి సంచికా ఏదో ఒక ప్రమాదం దగ్గర ఆగేది. నెలంతా చిత్రా గారి బొమ్మ చూసుకుంటూ గడిపేవాళ్లం. అట్టచివరిపేజీ గారూ, రోజుకి రెండు అధ్యాయాలు చదివి మూసేయండి. ఇది ఒక్క బిగిన చదివే సరుకు కాదు.

హెలికాప్టర్_మామ
చదివే ఓపిక లేకపోతే ప్రైమ్‌లో సిరీస్ ఉంది.

వాన_కాఫీ
వద్దు! మొదటి సీజన్లో పెరిన్‌కి లేని భార్యని పుట్టించి, మొదటి ఎపిసోడ్‌లోనే వాడి చేత్తో చంపించారు. మొరైన్‌గా రోజమండ్ పైక్ మాత్రం అచ్చుగుద్దినట్టుంది. మూడు సీజన్లయ్యాక 2025లో ఆపేశారు, కథ మధ్యలో. మిగతాది ఎలాగూ పుస్తకంలోనే చదవాలి.

డల్లాస్_బాబాయ్
ఆ రోజమండ్ పైక్ గొంతుతోనే మొదటి పుస్తకం ఆడియో కూడా ఉంది. నేను ఆఫీసుకి కారులో పోతూ విన్నా. పేర్లు పలకడం దగ్గర తంటా తప్పుతుంది.

అట్టచివరిపేజీ
వారం తర్వాత వచ్చాను. షాడార్ లోగోత్ దాటాను. పాడుబడ్డ మహానగరం, ట్రాలక్కులు కూడా అడుగుపెట్టడానికి భయపడే చోటు, వీళ్లు అందులో రాత్రి బస. ఆ పొగమంచు జీవి కిటికీల్లోంచి పాకుతుంటే దీపం వేసుకున్నాను. అలాంటి చోట మ్యాట్‌గాడు బాకు జేబులో వేసుకున్నాడు! వీడికి ఇద్దరు చెల్లెళ్లు, చక్కటి తండ్రి, ఇంట్లో ఎవరూ బుద్ధి చెప్పలేదా?

పడవ ఎక్కారు. ఇప్పుడు నేను కూడా కాస్త ఎక్కినట్టే. కానీ మేనల్లుడి మాటతో ఇంకా ఏకీభవిస్తున్నా, మొదట్లో ఎనభై పేజీలు తీసేసినా కథకి ఏమీ కాదు.

మాంత్రికుడి_మేనల్లుడు
నా శిష్యుడు.

వాన_కాఫీ
మ్యాట్‌ని ఇప్పుడు తిట్టుకోండి, పర్లేదు. మూడో పుస్తకం దాకా అందరం తిట్టాం.

గోదారిగట్టు
వైట్‌బ్రిడ్జ్ అనే ఊరు వచ్చాక ఇక్కడో ముక్క రాయండి. థామ్ గురించి మాట్లాడాలి.

అట్టచివరిపేజీ
థామ్‌కి ఏమవుతుంది??

నిర్వాహకుడు
ఎవరూ జవాబు ఇవ్వకండి.

సిద్దిపేట_చదువరి
రెండోది 'ద గ్రేట్ హంట్' ఎవరి దగ్గరైనా ఉందా? అబిడ్స్‌లో ఆదివారం మొత్తం వెతికా, ఐదోది, తొమ్మిదోది దొరికాయి.

నల్లకుంట_నవలలు
నా దగ్గర రెండు కాపీలున్నాయి. ఒకదానికి అట్ట లేదు, చివర పదకోశం ఎలుకలు తిన్నాయి. అది చాలనుకుంటే ఊరికే తీసుకెళ్లండి. మంచిది మాత్రం ఇవ్వను.

సిద్దిపేట_చదువరి
ఎలుకలదే చాలు అన్నా. శనివారం వస్తా.